ఇంకొకడు

బ్వానలీ తాతను నిన్న మధ్యాహ్నం మట్టి చేశాం.
చిల్వా సరస్సు ఈ ఏడు బాగా వెనక్కి పోయింది.
తవ్విన కొద్దీ మన్ను పొడిగా, ఉప్పగా వచ్చింది.
మంచిదేలే అన్నాడు షేక్,
ఆయనకు తడి నేల గిట్టేది కాదు గదా.

ఆ మాట ఎంత నిజమో నాకు తెలుసు.
పదకొండేళ్ళు ఆయన దగ్గర పంక్చర్లు వేశాను.
ఊరంతా గడ్డి పీకి రేకులు వేసుకుంటుంటే
ఈయన రేకుల మీద గడ్డి కప్పించాడు.
వాన చప్పుడు వినపడకూడదట.
జనం నవ్వారు, తాగుడు ఎక్కువైందన్నారు.
ఆయన జన్మలో తాగలేదు.

కబావ్ లోయ.
ఆ ఒక్క పేరు అప్పుడప్పుడు నోరు జారేది,
ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి
బుడగ కోసం చూస్తున్నప్పుడు.
"కంచరగాడిదలు నిలువునా దిగిపోయేవిరా బురదలో.
చెవులు మాత్రం కనపడేవి."
తరువాత?
"తరువాతేముంది, ఇదిగో కన్నం. అంటించు."

బర్మా ఎక్కడో నాకు తెలీదు.
బడి గోడ మీది పటంలో కొలిచి చూశాను,
మా సరస్సు నుంచి జానెడు, మధ్యలో సముద్రం.
జపాను వాడు మా మొక్కజొన్న తొక్కలేదు,
మా వలలు కోయలేదు.
పందొమ్మిదేళ్ళ వాడు, జోంబా మైదానంలో
బూట్లు ఇస్తారంటే వరుసలో నిలబడ్డాడు.
ఇచ్చారు.
యుద్ధమయ్యాక లెక్క చూసి వెనక్కి తీసుకున్నారు.

తెల్లవాళ్ళకు ముట్టినదాంట్లో పిసరంత ముట్టింది.
దాంతో ఒక పాత సైకిలు కొన్నాడు.
పతకాన్ని వెనక మడ్‌గార్డుకు రివెట్ కొట్టాడు,
రాత్రి లారీల వెలుగుకు మెరుస్తుందని.
కంచు ఎక్కడ మెరుస్తుంది?
రెండు వానలకే నల్లబడింది.
"ఉండనీ, గతుకుల్లో రేకు మోగదు" అనేవాడు.
నిజంగానే మోగేది కాదు.

సాయంత్రం పడవలు వచ్చే వేళకు
చేతులు కిరసనాయిలుతో కడుక్కుని ఒడ్డుకు పోయేవాడు.
చేపలను చూసేవాడు కాదు, మనుషులను లెక్కపెట్టేవాడు
పెదాలు కదిలిస్తూ, ఒక్కొక్క తలనూ.
చివర ఎప్పుడూ అదే మాట: ఇంకొకడు రావాలి.
అందరూ వచ్చేశారు తాతా అంటే
చెవిటివాడిలా లాంతరు ఎత్తి పట్టుకుని
మరో గంట నిలబడేవాడు. దోమలు పీక్కుతినేవి.

ఆ ఇంకొకడి పేరు చికోపా.
మలేరియా తలకెక్కిన రాత్రి బయటపడింది.
చిండ్విన్ నది దాటుతుంటే తన వెనకే ఉన్నాడట,
ఇద్దరి నడుములకూ ఒకటే తాడు.
"తాడు తేలికైపోయింది" అన్నాడు.
మూడుసార్లు అన్నాడు, ప్రతిసారీ కొత్తగా తెలిసినట్టు.
పొద్దున లేచి స్పోకులు బిగించుకుంటూ
నన్ను తిట్టాడు, స్పానరు ఎక్కడ పెట్టావని.

నిన్న ఒళ్ళు కడిగేటప్పుడు
పిక్కల మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు.
జలగలవి, అన్నాడు షేక్.
లెక్కపెట్టబోయి మానేశాను.

అంతా అయ్యాక జిల్లా ఆఫీసు నుంచి ఒకాయన దిగాడు,
మడత విప్పని జెండాతో, చెమట తుడుచుకుంటూ.
"కార్పొరల్ బొనాలీ" అని చదివాడు కాగితంలో.
ఎవరూ దిద్దలేదు.
జెండా ఎక్కడ పరచాలో తెలీక
మళ్ళీ కారులో పెట్టుకున్నాడు.
దువా నడుస్తుండగానే మచ్చింగా మనిషి ఒకడు
నా చెవిలో అడిగాడు: నా సైకిలు అయిందా?
కోపం రాలేదు.
తాతయితే అయిందనే చెప్పేవాడు,
అప్పుడు పోయి మొదలుపెట్టేవాడు.

ఇవాళ కొట్టు తెరిచాను.
తొట్టిలో నీళ్ళు అలాగే ఉన్నాయి, పైన చమురు పొర.
మచ్చింగా వాడి చక్రం సరిచేసి ఇచ్చాను.
డబ్బులు పెట్టబోతే తాత డబ్బా కనపడలేదు,
జేబులో వేసుకున్నాను.

పడవలు వచ్చాయి. ఆరుగురు దిగారు.
నేను ఎప్పుడు పోయానో, లాంతరు ఎప్పుడు వెలిగించానో
నాకే తెలీదు.
తాళ్ళు కట్టేస్తున్నవాళ్ళు నన్ను చూశారు.
ఎవరి కోసమని ఒక్కడూ అడగలేదు.
ఒకడు నా పక్కన బుట్ట బోర్లించుకుని కూర్చున్నాడు.

వత్తి కత్తిరించాలి.
పొగ వస్తోంది.